అరుదైన పువ్వు పేరు మీ బ్లాగుకు పెట్టుకోవాలంటే: పువ్వును పోల్చుకోవడం నుంచి పాత లంకెలు కాపాడుకోవడం దాకా

పాత నిఘంటువు తిరగేస్తుంటేనో, ఎవరో తీసిన ఫొటో కిందనో ఎప్పుడూ వినని పువ్వు పేరొకటి కంటబడుతుంది. మంకెన. సురపొన్న. దిరిసెన. పైకి ఒకసారి అనుకోగానే ఇన్నాళ్ళూ బ్లాగుకున్న పేరు చప్పగా అనిపిస్తుంది. ఆ క్షణం విలువైనదే, దాన్ని వదులుకోవద్దు. అయితే పేరు నచ్చిన రాత్రే సెట్టింగ్స్ తెరిచి మార్చేస్తే రెండు ఇబ్బందులు వస్తాయి. మీరు అనుకున్న పువ్వు, ఆ పేరుగల పువ్వు వేరువేరు కావచ్చు. ఏళ్ళ తరబడి మీ రాతలకు వచ్చిన లంకెలు ఒక్కపూటలో తెగిపోవచ్చు. ఈ రెండూ జరగకుండా పని ఎలా నడపాలో వరసగా చెబుతాను.

మొదటి మెట్టు: అది ఏ పువ్వో ఖాయం చేసుకోండి

నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైన భాగం ఇదే. ఎక్కువమంది దాటేసేదీ ఇదే. పువ్వు పేరు బ్లాగు నుదుట పెట్టుకున్నాక "ఇంతకీ ఇది ఏ పువ్వండీ?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. అప్పుడు తడుముకోకూడదు.

తెలుగు పేరు దగ్గర మొదలుపెట్టి శాస్త్రీయ నామం దాకా వెళ్ళాలి. ముందు ఆంధ్రభారతి సైటులో పేరు కొట్టి చూడండి. బ్రౌన్ నిఘంటువుతో సహా చాలా నిఘంటువులు అక్కడ ఒకేచోట వెతకవచ్చు. కొన్ని పాత నిఘంటువులు మొక్కల పేర్ల పక్కన లాటిన్ పేరు కూడా ఇస్తాయి. ఆ లాటిన్ పేరును తీసుకెళ్ళి, లండన్‌లోని క్యూ ఉద్యానవనం నడిపే 'ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్'లో వెతకండి. పేర్లు మారుతుంటాయి కాబట్టి ఈ రెండో అడుగు తప్పదు. పాత పుస్తకాల్లో తంగేడు 'కాసియా ఆరిక్యులేటా' అని ఉంటుంది, ఇప్పుడు ఆమోదంలో ఉన్న పేరు 'సెన్నా ఆరిక్యులేటా'. పాత పేరుతో వెతికినా ఆ సైటు కొత్త పేరు దగ్గరికి తీసుకెళుతుంది. ఆ తరువాత, మొక్కలను చూసినవారు ఫొటోలు పెట్టి పోల్చుకునే ఐనాచురలిస్ట్ సైటులో అదే లాటిన్ పేరుతో ఫొటోలు చూడండి. మామూలు చిత్రాల వెతుకులాటను నమ్మకండి. ఒకరు తప్పు పేరుతో పెట్టిన ఫొటోను పదిమంది తీసుకుని వాడుతుంటారు.

మంకెననే ఉదాహరణగా తీసుకుందాం. వెతుక్కుంటూ పోతే 'పెంటాపెటిస్ ఫీనీషియా' దగ్గర తేలుతాం. మందారం, బెండ, పత్తి ఉన్న కుటుంబమే దీనిదీ. ఒక్క ఏడాది బతికే మొక్క, తడి నేలల్లోనూ వరి చేల చుట్టుపక్కలా పెరుగుతుంది. పువ్వును దగ్గరగా చూస్తే ఐదు ఎర్రటి రేకులు కనిపిస్తాయి, వాటి మధ్యలోంచి సన్నగా, పొడుగ్గా, అదే ఎరుపులో ఐదు కాడలు నిలబడి ఉంటాయి. అవి పుప్పొడి లేని కేసరాలు. పుప్పొడి ఉన్నవి వాటి మధ్యన మూడేసి చొప్పున పొట్టిగా ఉంటాయి. మధ్యాహ్నం వేళ విచ్చి మర్నాటి తెల్లవారేసరికి ముడుచుకుపోతుంది. సంస్కృతంలో బంధూకం, బంధుజీవం అంటారు. ఎర్రటి పెదవులకు పోలికగా కవులు వాడిన పువ్వు ఇదే.

ఇక్కడే చిక్కు కూడా ఉంది. బంధూకం అని వెతికితే కొన్నిచోట్ల నూరువరహాల చెట్టు ఎదురవుతుంది. అదీ ఎర్రటి పువ్వే కాబట్టి పొరపాటు తేలిగ్గా పట్టుబడదు. ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. నాగకేసరం అంటే చాలాచోట్ల 'మెసువా ఫెర్రియా', కానీ సురపొన్న మొగ్గలూ అదే పేరుతో చలామణీ అవుతాయి. రాత్రి పూసి తెల్లారేసరికి రాలిపోయే పారిజాతం మనందరికీ తెలుసు. ఉత్తరప్రదేశ్‌లోని కింటూరులో పారిజాత వృక్షంగా పేరుపొందినది మాత్రం బావోబాబ్ చెట్టు. మీరు ఎంచుకున్న పేరుకు ఇలాంటి కవల ఉంటే ఆ పేరు వదిలేయనక్కర్లేదు. మీరు చెబుతున్నది ఏ మొక్కనో శాస్త్రీయ నామంతో సహా 'ఈ బ్లాగు గురించి' పేజీలో రాసిపెట్టండి, చాలు.

వీలైతే పువ్వును కళ్ళారా చూడండి. విత్తనం దొరికితే కుండీలో వేయండి. చూసి రాసిన నాలుగు వాక్యాలకు ఉండే బలం చదివి రాసినవాటికి రాదు. ఫొటో కూడా మీదే అవుతుంది కాబట్టి దాని హక్కుల గురించి ఎవరినీ అడగక్కర్లేదు.

రెండో మెట్టు: ఆ పువ్వు వెంట ఇంకేమేమి వస్తాయో చూడండి

పువ్వు పేరు ఒంటరిగా రాదు. గన్నేరు, ఉమ్మెత్త చెవికి బాగుంటాయి, రెండూ విషమే. కవిత్వం రాసేవారికి అది అడ్డు కాకపోవచ్చు. పిల్లల పెంపకం గురించో ఆరోగ్యం గురించో రాసేవారు మాత్రం ఆ పేర్ల జోలికి పోకపోవడం మంచిది. అడవినాభి అందం చెప్పనలవి కాదు, మంటలు పైకి ఎగసినట్టు ఉంటుంది. ఆ మొక్కలో కోల్చిసిన్ అనే విషపదార్థం ఉంది. పైగా అది తమిళనాడు రాష్ట్ర పుష్పం, జింబాబ్వే జాతీయ పుష్పం. దాని ఇంగ్లీషు పేరునో లాటిన్ పేరునో పెట్టుకుంటే వెతుకులాటలో ఆ సమాచారమంతా ముందు వచ్చి మీ బ్లాగు అడుగున పడిపోతుంది.

లాటిన్ పేరును బ్లాగు పేరుగా వాడుదామనుకునేవారు దాని అర్థం తప్పకుండా చూసుకోవాలి. పారిజాతం శాస్త్రీయ నామంలోని 'అర్బార్‌ట్రిస్టిస్'కు విషాద వృక్షం అని అర్థం. పోగొట్టుకున్నవాళ్ళ గురించి రాసుకునే చోటికి అది ఎంత సరిపోతుందో, సరదా కబుర్ల చోటికి అంత సరిపడదు. శంఖపుష్పం ప్రజాతికి లిన్నేయస్ 1753లో ఖాయం చేసిన పేరు స్త్రీ శరీరంలోని ఒక భాగం పేరు మీద వచ్చింది. దాన్ని చిరునామాలో పెట్టుకుంటే ఆఫీసుల్లోనూ బడుల్లోనూ ఉండే వడపోతలు మీ బ్లాగును అడ్డుకునే అవకాశం ఉంది. తెలుగు పేరుతో ఆ బెడద లేదు.

మూడో మెట్టు: పువ్వు స్వభావం మీ రాతలకు కలుస్తుందా?

పొగడపూలు ఎండినా వాసన పోదు. పాత జ్ఞాపకాలు, పాత పుస్తకాల గురించి రాసేవారికి అంతకన్నా తగిన పేరు దొరకదు. చంద్రకాంత సాయంత్రం పూట విచ్చుకుంటుంది, పగలంతా పని చేసుకుని రాత్రిపూట రాసుకునేవారి పువ్వు. నీలకురింజి పన్నెండేళ్ళకోసారి పూస్తుంది. అరుదుగా, పెద్దగా రాసేవారు ఆ పేరు పెట్టుకుంటే పాఠకులకు ముందే సంగతి తెలిసిపోతుంది.

పరీక్ష ఒకటి చెబుతాను. ఈ పువ్వు పేరే ఎందుకు పెట్టారో ఐదు వాక్యాల్లో రాయండి. అందులో "పేరు బాగుంది కాబట్టి" అన్నది తప్ప ఇంకో కారణం కనబడకపోతే కొన్ని వారాలు ఆగండి. ఆలోగా పేరు మీద మోజు తగ్గితే అది మీ పేరు కాదు. తగ్గకపోతే కారణం దానంతట అదే దొరుకుతుంది.

ఒక్క మాటే పెట్టాలా, పక్కన ఇంకో మాట చేర్చాలా అన్నది ఇక్కడే తేల్చుకోండి. 'మంకెన' అని ఊరుకుంటే అందంగా ఉంటుంది. కానీ ఆ మాటతో వెతికేవారికి నిఘంటువులూ మొక్కల సైట్లూ ముందు వస్తాయి. 'మంకెన వేళ', 'పొగడల తోవ' లాంటి జంట పదాలైతే వెతికినవారికి సూటిగా మీరే దొరుకుతారు. కొత్త పాఠకులు వెతుకులాట ద్వారా రావాలనుకునేవారికి రెండు మాటల పేరే నా సలహా. తెలిసినవారి కోసం రాసుకునేవారికి ఒక్క మాట చాలు.

నాలుగో మెట్టు: వర్ణక్రమం

తెలుగులో ఎలా రాయాలో నిఘంటువు చెబుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలో మాత్రం మీరే నిర్ణయించాలి. సంపెంగను ఇంగ్లీషు అక్షరాల్లో రాయమంటే ఒకరు చివర 'a' పెడతారు, ఇంకొకరు 'i' పెడతారు, మధ్యలో 'e' ఉండాలా 'a' ఉండాలా అన్నది వేరే తగవు. ఒత్తులు, ళ, ణ, దీర్ఘాలు ఉన్న పేర్లన్నిటికీ ఈ తిప్పలు ఉంటాయి. మంకెన, పొగడ, దిరిసెన తేలికైనవి, ఎవరు రాసినా దాదాపు ఒకేలా రాస్తారు. మీ పేరును నలుగురికి ఫోనులో చెప్పి, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి పంపమనండి. అందరూ ఒకేలా రాస్తే ఆ వర్ణక్రమమే తీసుకోండి. ఇద్దరు ఇద్దరుగా చీలిపోతే రెండు వర్ణక్రమాల డొమైన్లూ తీసుకుని ఒకదాన్ని రెండోదానికి మళ్ళించవచ్చు.

చిరునామానే తెలుగు లిపిలో పెట్టవచ్చు కదా అంటే, పెట్టవచ్చు. తెలుగు లిపిలో 'డాట్ భారత్' డొమైన్లు ఉన్నాయి. అయితే లోపల ఆ పేరు 'ఎక్స్ఎన్' అని మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల వరుసగా మారుతుంది, కొన్నిచోట్ల పాఠకుడికి కనిపించేది ఆ వరుసే. డొమైన్ తరువాత వచ్చే భాగంలో తెలుగు వాడితే ఇంకో చిక్కు ఉంది. చిరునామాను కాపీ చేసి ఎక్కడైనా అతికించినప్పుడు ఒక్కో యూనికోడ్ గుర్తు తొమ్మిది అక్షరాలుగా విడిపోతుంది. 'మంకెన' అన్న చిన్న మాటే నలభై ఐదు అక్షరాల గొలుసు అవుతుంది. అందుకే శీర్షిక తెలుగులో, చిరునామా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచడం ప్రస్తుతానికి సుఖం.

ఐదో మెట్టు: పేరు ఖాళీగా ఉందా?

తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ వెతకండి. అదే పేరుతో ఇంకో వ్యక్తిగత బ్లాగు నడుస్తుంటే, అది ఎంత చిన్నదైనా, ఆ పేరు వారికే వదిలేయండి. ఏదైనా సంస్థ అదే పేరుతో పుస్తకాలో పత్రికలో నడుపుతుంటే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో చూడాలి. పువ్వు పేరు ఎవరి సొత్తూ కాకపోయినా, ఒక రంగంలో దాన్ని నమోదు చేసుకున్నవారు ఆ రంగంలో అభ్యంతరం చెప్పగలరు. డొమైన్, సోషల్ మీడియా ఖాతాలు ఖాళీగా ఉంటే అన్నీ ఒకే రోజు తీసేసుకోండి. ఎవరికైనా చెప్పేది ఆ తరువాతే.

ఆరో మెట్టు: పేరొక్కటే మారుతుందా, చిరునామా కూడానా?

శీర్షిక మార్చడం వేరు, చిరునామా మార్చడం వేరు. బ్లాగర్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ శీర్షిక సెట్టింగ్స్‌లో ఉంటుంది. అక్కడ మార్చితే పాత లంకెలకు ఏమీ కాదు, అర నిమిషం పని. చిరునామా కదిలిస్తేనే జాగ్రత్తలన్నీ అవసరమవుతాయి. పాత చిరునామా మీ పేరుతోనో, ఏ పేరుకైనా సరిపడేలానో ఉంటే దాన్ని అలాగే ఉంచి శీర్షిక ఒక్కటే మార్చండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. చాలామందికి ఇదే సరైన దారి.

చిరునామా కూడా మార్చాలనుకుంటే బ్లాగర్ వాడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఒక బ్లాగ్‌స్పాట్ చిరునామా తీసేసి ఇంకో బ్లాగ్‌స్పాట్ చిరునామా పెట్టుకుంటే పాత లంకెలు కొత్తచోటికి మళ్ళవు, అన్నీ తెగిపోతాయి. దానికి బదులు పాత బ్లాగ్‌స్పాట్ చిరునామాను కదిలించకుండా, కొత్త పేరుతో సొంత డొమైన్ కొని బ్లాగుకు తగిలించండి. అప్పుడు పాత లంకె నొక్కినవారిని బ్లాగరే కొత్త డొమైన్‌లోని అదే టపాకు చేరుస్తుంది. మీరు చేయాల్సింది బ్లాగర్ ఇచ్చిన రెండు సీనేమ్ రికార్డులను (డొమైన్‌ను బ్లాగుకు కలిపే వరుసలు) డొమైన్ సెట్టింగ్స్‌లో చేర్చడం, తరువాత హెచ్‌టీటీపీఎస్ ఆన్ చేయడం.

ఏడో మెట్టు: అన్నీ భద్రపరచండి

టపాలను ఎక్స్‌పోర్ట్ చేసి కంప్యూటర్‌లో దాచుకోండి. ఆ ఎక్స్ఎమ్ఎల్ ఫైలులో రాతలూ వ్యాఖ్యలూ ఉంటాయి కానీ ఫొటోలు ఉండవు, వాటి లంకెలు మాత్రమే ఉంటాయి. ఫొటోలు విడిగా దించుకోవాలి, థీమ్ కూడా విడిగానే. సైట్‌మ్యాప్ (బ్లాగులోని పేజీల చిరునామాల జాబితా) తెరిచి పాత టపాల చిరునామాలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించండి. మార్పు తరువాత సరిచూసుకోవడానికి ఈ జాబితా తప్ప వేరే ఆధారం ఉండదు. మీకు ఇష్టమైన టపాలను ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో కూడా భద్రపరిస్తే మరీ మంచిది, పాత పేరు, పాత రూపం అక్కడ నిలిచిపోతాయి.

ఎనిమిదో మెట్టు: తరలింపు

పాత డొమైన్ నుంచి కొత్త డొమైన్‌కు వెళ్ళేవారు 301 దారిమళ్ళింపు పెట్టాలి. శాశ్వతంగా మారామని సెర్చ్ ఇంజిన్లకు చెప్పేది అది. 302 పెడితే తాత్కాలికమని అర్థం. ప్రతి పాత టపా దాని కొత్త చిరునామాకే వెళ్ళాలి. అన్నిటినీ కలిపి మొదటి పేజీకి తోలేయడం పాఠకుడికి అన్యాయం. ఒక కథ కోసం వచ్చినవాడికి మొదటి పేజీ చూపిస్తే వెతుక్కోడు, వెళ్ళిపోతాడు.

సొంత సర్వరులో వర్డ్‌ప్రెస్ నడిపేవారు డేటాబేస్‌లో పాత చిరునామాలను మార్చేటప్పుడు నేరుగా ఎస్‌క్యూఎల్‌తో (డేటాబేస్‌కు ఆజ్ఞలిచ్చే భాష) మార్చకూడదు. కొన్ని సెట్టింగులు అక్షరాల లెక్కతో సహా నిల్వ ఉంటాయి, పేరు పొడవు మారగానే ఆ లెక్క తప్పి అవి చెడిపోతాయి. వాటిని అర్థం చేసుకుని మార్చే ప్లగిన్ వాడండి. వర్డ్‌ప్రెస్ కమాండ్‌లైన్‌లో ఉన్న 'సెర్చ్ రీప్లేస్' ఆజ్ఞ కూడా ఆ పని చేస్తుంది.

మీ సైటు గూగుల్ వెతుకులాటలో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో పాత డొమైన్, కొత్త డొమైన్ రెండూ మీ ఖాతా కింద ఉండాలి. దారిమళ్ళింపులు పనిచేస్తున్నాయని చూసుకున్నాక 'చేంజ్ ఆఫ్ అడ్రస్' నొక్కి, కొత్త సైట్‌మ్యాప్ ఇవ్వండి. ఆ దారిమళ్ళింపులను కనీసం 180 రోజులు ఉంచమని ఆ సాధనం అడుగుతుంది, కనీసం ఏడాది ఉంచడం మేలని గూగుల్ సలహా. నా మాటైతే పాత డొమైన్‌ను మీకు వీలున్నంతకాలం రెన్యూ చేస్తూనే ఉండండి. వదిలేసిన డొమైన్‌ను ఎవరైనా కొనుక్కోవచ్చు. మీ పాత పేరు మీద, మీ పాత లంకెల మీద వాళ్ళు ఏం పెడతారో మీ చేతుల్లో ఉండదు.

తొమ్మిదో మెట్టు: మిగిలిన మూలలు

హెడర్ బొమ్మ, ఫేవికాన్ (బ్రౌజర్ ట్యాబులో కనిపించే చిన్న బొమ్మ), ఫుటర్, ఫొటోల మీద వేసిన వాటర్‌మార్క్, ఈమెయిల్ సంతకం, సోషల్ మీడియా ప్రొఫైళ్ళలోని లంకెలు, పాత టపాల లోపల మీ ఇతర టపాలకు ఇచ్చిన లంకెలు, అన్నీ చూసుకోవాలి. ఈమెయిల్‌లో టపాలు అందుకునేవారికి పంపినవారి పేరు హఠాత్తుగా మారితే చెత్త అనుకుని తీసేస్తారు. అందుకే పాత పేరుతో ఉన్నప్పుడే ఒక ఉత్తరం పంపి విషయం చెప్పాలి. కొత్త టపాలను చందాదారుల ఫీడ్ రీడర్లకు అందించే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడును కూడా మళ్ళించండి. టపాల గుర్తింపు సంఖ్యలు మారితే పాత టపాలన్నీ కొత్తవాటిలా పాఠకుల మీద వచ్చి పడతాయి, కాబట్టి ముందు మీరే ఒక ఫీడ్ రీడర్‌లో చందా చేరి చూసుకోండి.

పువ్వు బొమ్మను ఫేవికాన్‌గా పెట్టేవారికి చిన్న మాట. ఫొటోను కుదిస్తే ఎర్రటి మచ్చ తప్ప ఏమీ కనిపించదు. పువ్వులో ఒక్క ఆకారం తీసుకుని గీయండి. మంకెనకైతే ఆ ఐదు పొడుగు కాడలు చాలు, రేకులు కూడా అక్కర్లేదు.

పదో మెట్టు: పాఠకులకు చెప్పడం

ప్రకటన చిన్నదిగా ఉండాలి. పేరు, కారణం, పాత లంకెల సంగతి, ఈ మూడూ ఉంటే చాలు. ఇలా రాయవచ్చు:

"ఇన్నాళ్ళూ 'నా ఆలోచనలు' అన్న పేరుతో మీరు చదివిన ఈ బ్లాగు ఇకమీదట 'మంకెన వేళ'. మధ్యాహ్నం విచ్చి, తెల్లవారేసరికి ముడుచుకునే ఎర్రటి పువ్వు మంకెన. నేను రాసుకునేది ఆ వేళల్లోనే. పాత రాతలన్నీ ఇక్కడే ఉన్నాయి, పాత లంకెలు కూడా పనిచేస్తాయి. ఏదైనా తెరుచుకోకపోతే నాకు ఒక మాట రాయండి, సరిచేస్తాను."

పువ్వు గురించి ఇంకా చెప్పాలని మనసు లాగుతుంది. అదంతా విడి టపాగా రాయండి. ఆ పేరుతో వెతుక్కుంటూ వచ్చేవారికి అదే మీ బ్లాగు గుమ్మం అవుతుంది, అందులో శాస్త్రీయ నామం, ఇతర భాషల పేర్లు, మీరు తీసిన ఫొటో, ఆ పువ్వుతో పొరపాటు పడే ఇతర పువ్వుల వివరం ఉండనివ్వండి. తెలుగులో అరుదైన పువ్వుల గురించి నమ్మదగిన రాతలు తక్కువ. మీ బ్లాగు వైపు ఎప్పుడూ చూడని మనిషికి కూడా ఆ ఒక్క టపా పనికొస్తుంది.

హెడర్ కింద చిన్న అక్షరాల్లో "పూర్వం: నా ఆలోచనలు" అన్న వరుసను కొన్ని నెలలు ఉంచండి. మొదటి నెలంతా వారానికోసారి సెర్చ్ కన్సోల్ తెరిచి, దొరకని పేజీల జాబితా చూస్తూ, మీ స్ప్రెడ్‌షీట్‌తో పోల్చి తెగిన లంకెలను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోండి. ఎప్పుడో రాసి మీరే మరిచిపోయిన టపాకు ఇంకెవరో లంకె ఇచ్చి ఉండవచ్చు. అలాంటివి బయటపడినప్పుడు వారికి ఉత్తరం రాసి కొత్త చిరునామా ఇవ్వండి.

సందర్శకులు కొన్ని వారాలు తగ్గినట్టు కనిపిస్తే కంగారుపడి పాత పేరుకు తిరిగి వెళ్ళకండి. సెర్చ్ ఇంజిన్లు చిరునామాలన్నీ తిరిగి చూసుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ మధ్యకాలంలో రాయడం ఆపకుండా ఉంటే కొత్త చిరునామాకు అవి త్వరగా అలవాటుపడతాయి. నెలలు గడిచినా కోలుకోకపోతే ముందు చూడాల్సింది దారిమళ్ళింపుల్నే: ఏ పాత టపా అయినా 302తోనో, మొదటి పేజీకో వెళుతోందేమో స్ప్రెడ్‌షీట్‌లోని మొదటి వరుస నుంచి మళ్ళీ నొక్కి చూసుకోండి.